ఏ ఓటీపీ చెప్పాలి, ఏది చెప్పకూడదు?

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి,

తెనాలిలో ఒక్కతే ఉండే మా అమ్మకు 72 ఏళ్లు. కిందటేడు బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఎవరో ఫోన్ చేస్తే, మెసేజిలో వచ్చిన ఆరంకెలూ చదివి చెప్పేసింది. ఖాతాలో ఉన్న 40 వేలూ పోయాయి. ఎందుకు చెప్పావని గట్టిగా కోప్పడ్డాను. ‘‘రోజూ అందరికీ చెప్పేదేగా అమ్మాయ్’’ అంది.

నా దగ్గర జవాబు లేకపోయింది. గ్యాస్ అబ్బాయికి ఓటీపీ చెబితేనే బండ దించుతాడు. బుక్ చేసిన ఆటో ఎక్కగానే డ్రైవరు అడిగేదీ అదే, కొరియర్ అతను అడిగేదీ అదే. వాళ్లకు చెప్పి తీరాలి. బ్యాంకుది మాత్రం కన్నబిడ్డకు కూడా చెప్పకూడదు. రెంటికీ పేరొకటే, మోతొకటే. ఎవరికీ చెప్పొద్దన్న ముక్క అమ్మకొచ్చిన మెసేజిలో చిట్టచివర, ఇంగ్లిషులో ఉంది. అమ్మకు ఇంగ్లిషు రాదు, అంకెలు మాత్రం వచ్చు.

భద్రతను మీరు పట్టించుకోలేదని అనను. ఆన్‌లైన్‌లో కార్డు వాడితే రెండో తనిఖీ ఉండాలని 2009లోనే పట్టుబట్టారు. చిన్న మొత్తాలకు విసిగించకూడదనీ మీకు తెలుసు: 5,000 రూపాయల దాకా కార్డు ఆనిస్తే చాలు, యూపీఐ లైట్‌లో పాల ప్యాకెట్టుకు పిన్ అక్కర్లేదు. అనుమానం కలిగించే చెల్లింపులకు బ్యాంకులు అదనపు తనిఖీ పెట్టుకోవచ్చని 2025 సెప్టెంబరు ఆదేశాల్లో చెప్పారు. నాకు ఆశ కలిగించింది ఆ మాటే. ఎందుకంటే, అస్తమానం ఓటీపీ అడుగుతూ ఉంటే జనం మెసేజి చదవడం మానేస్తారు. తీరా చదవాల్సిన రోజున వేలు దానంతటదే నొక్కేస్తుంది.

బ్యాంకు కోడుకు వేరే పేరు పెట్టించండి. ఖాతాదారు కోరుకున్న భాషలో పంపమనండి. అంకెల కంటే ముందు ‘మీ ఖాతాలోంచి 40,000 రూపాయలు వెళ్లిపోబోతున్నాయి’ అని ఉండాలి. పెద్దవాళ్ల ఖాతా నుంచి ఎన్నడూ పంపని మనిషికి అంత డబ్బు వెళ్తుంటే ఒక్క గంట ఆపించండి. ఆ గంటలో అమ్మ నాకు ఫోన్ చేసి ఉండేది.

ఇప్పుడు మెసేజి మోగితే చాలు, ఆమె ఫోను బోర్లా పెట్టేస్తోంది. ఎవరడిగినా ఏ అంకే చెప్పడం లేదు. మొన్న గ్యాస్ అబ్బాయి కాసేపు చూసి, బండ వెనక్కి తీసుకెళ్లిపోయాడు.

ఇట్లు,
తెనాలి ఖాతాదారు కూతురు