పసలీ విరిగితే కనబడదు

బాత్‌రూంలో జారి బకెట్ అంచు మీద పడ్డాను. ఎడమ వైపు రెండు పసలీలు విరిగాయి. ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ పట్టీ వెయ్యలేదు, ప్లాస్టర్ కట్టలేదు. గోళీలు రాసి ఇంటికి పంపేసింది. నా ముసీబత్ అక్కడే మొదలైంది.

చెయ్యి విరిగితే మెడలో పట్టీ వేలాడుతుంది. కాలు విరిగితే ప్లాస్టర్ కనబడుతుంది. పసలీ విరిగితే ఏం కనబడుతుంది? "కట్టే కట్టలేదంటే పెద్ద చోట్ కాదులే" అని మా సాస్ ఫైసలా చేసేశారు. నాలుగో రోజుకే ఆటా పిసికే పరాత్ నా ముందుకొచ్చింది. పిసుకుతుంటే బరువంతా ఛాతీ మీదే పడుతుంది.

ఎందుకు కట్టరో చెబుతాను, వినండి. ఊపిరితో పాటు ఛాతీ కదలాలి. బిగించి కడితే ఊపిరి పైపైనే ఆడుతుంది, కఫం లోపలే పేరుకుంటుంది, నిమోనియా పట్టుకుంటుంది. ఒకప్పుడు డాక్టర్లూ కట్టేవాళ్లు, ఆ ఖతరా తెలిసి మానేశారు. అయినా మా ఖాలా పహిల్వాన్‌ను పిలిపిస్తానంటుంది. పహిల్వాన్ హునర్ మీద నాకు షికాయత్ లేదు. నా పసలీ మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వను.

ఇంకొకరొచ్చి "దర్ద్ గోళీలు అన్ని మింగకు, సబ్ర్ చెయ్యి" అంటారు. నొప్పికి ఊపిరి బిగబట్టుకొని పడుకోవడం సబ్ర్ కాదు. గోళీ వేసుకుంటేనే నిండా ఊపిరి పీల్చగలను, దిండు ఛాతీకి అదుముకొని దగ్గగలను. గంటగంటకూ పది సార్లు లోతుగా ఊపిరి తియ్యమంది డాక్టరమ్మ. ఇదే ఇలాజ్. మిగతాదంతా ఆరాం, ఆరు వారాల దాకా. బరువులు ఎత్తకూడదు.

ఆరాం! ఆ లఫ్జ్ మన ఇళ్లల్లో మర్దులకే రాసిపెట్టి ఉంది. పోయినేడు మా షౌహర్ బండి మీద నుంచి పడి మోకాలు గీసుకుపోతే వారం రోజులు పలంగ్ దిగలేదు. యఖ్నీ పలంగ్ దగ్గరికే వెళ్లింది. తీసుకెళ్లింది నేనే, ఖుషీగానే. ఇప్పుడు నన్ను చూడటానికి అయాదత్‌కు వచ్చినవాళ్లకు నేనే లేచి చాయ్ పెట్టాలి.

నమాజులో ఖియాం ఫర్జ్. నిలబడలేని బీమార్‌కు అందులోనే రుఖ్సత్ ఉంది, కూర్చొని చదువుకోవచ్చు. అదీ కాకపోతే పడుకొని. అల్లాహ్ మాఫ్ చేసిన నిలబడటాన్ని మన బావర్చిఖానా ఎందుకు మాఫ్ చెయ్యదు?

ఔరత్ పసలీ నుంచి పుట్టిందని బయానుల్లో చెబుతారు, ఆ వంకర సంగతి ఎత్తి నవ్వుతారు. ఆ హదీసులోనే ఔరతులతో మంచిగా మెలగమన్న తాకీద్ ఉంది. అది చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గిపోతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా పసలీ విరిగితే, జ్వరం వచ్చినా, ఆయాసం పెరిగినా, దగ్గితే నెత్తురు పడినా వెంటనే దవాఖానాకు తీసుకెళ్లండి. అవేవీ లేకపోయినా ఆమె చేతిలోంచి పరాత్ తీసుకోండి. ఆరు వారాలు రోటీలు మీరు చెయ్యండి. రాకపోతే నేను నేర్పుతాను, కూర్చొని.