నెత్తురులో క్యాన్సర్‌ను చెరిగే కరెంటు

పెద్ద కొడప్‌గల్: కరెంటుతో నెత్తురులోంచి క్యాన్సర్ కణాలను వేరుచేయవచ్చునన్న మాట ఈ ప్రాంతంలో కూడా వినవస్తున్నది. మనిషికి షాక్ ఇస్తారా అని బస్టాండు వద్ద ఒక పెద్దాయన అడిగారు. ఇవ్వరు. కరెంటు పెట్టేది సూదితో తీసిన నెత్తురుకే.

గడ్డ నుంచి కొన్ని కణాలు తెగి నెత్తురులో తిరుగుతాయని 1869లోనే ఆస్ట్రేలియాలో ఆష్‌వర్త్ అనే వైద్యుడు గమనించాడు. చిక్కంతా వాటిని పట్టుకోవడంలోనే ఉన్నది. ఒక మిల్లీలీటరు నెత్తురులో ఎర్ర కణాలే సుమారు 500 కోట్లు. రోగం ముదిరినవారిలో సైతం క్యాన్సర్ కణాలు తరచు పదికి లోపే. వడ్ల రాశిలో ఒక్క తాలు గింజను వెతకడం దీనికంటే సులువు.

తల దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాగడం బడిపిల్లలు ఎరిగినదే. ఈ రకం లాగుడుకు 1951లో అమెరికా శాస్త్రజ్ఞుడు పోల్ డైఎలక్ట్రోఫోరిసిస్ అని పేరు పెట్టాడు. క్యాన్సర్ కణం పైపొరకు ముడతలు ఎక్కువ. అందుచేత అటూ ఇటూ మారే కరెంటు వేగాన్ని సరిగ్గా కుదిర్చితే ఆ కణాలు సన్నని లోహపు గీతల అంచులకు అంటుకుంటాయి, మిగతావి ద్రవంతోపాటు కొట్టుకుపోతాయి. చేటతో చెరిగినట్లే. నెత్తురు ఉప్పన గనుక ముందుగా చక్కెర ద్రవంలో పలుచన చేయాలి. 1995లో హ్యూస్టన్‌లో బెకర్, గాస్కోయిన్ బృందం రొమ్ము క్యాన్సర్ కణాలను నెత్తురులో కలిపి, ఇలా విడదీసి చూపింది.

అయినా ఈ పద్ధతి నేటికీ ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉన్నది. 2004లో అమెరికా ప్రభుత్వం అనుమతించిన యంత్రం అయస్కాంతంతో పనిచేసేది. అదీ రోగం ఉందని తేలినవారి పరిస్థితిని అంచనా వేయడానికే. రోగం మొదట్లో ఉన్నప్పుడు తీసిన నెత్తురులో ఒక్క కణం కూడా దొరకకపోవచ్చు. దొరకనంత మాత్రాన రోగం లేనట్లు కాదు.

బీడీలు చుట్టే ఇండ్లున్న జిల్లా మనది. తంబాకు నమిలేవారికీ కొదవ లేదు. నోటిలో మానని పుండును అనుమానించడానికి ఏ యంత్రమూ అక్కరలేదు, టార్చిలైటు చాలు. ఈ విలేకరి మేనమామ అటువంటి పుండును పంటినొప్పి అనుకొని ఆరు నెలలు లవంగం పెట్టుకున్నాడు. హైదరాబాద్ బస్సెక్కేసరికి దవడ బిగిసింది.

30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించడం ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నదే. కూలి పోతుందని చాలామంది వెళ్లరు. బీడీ కార్ఖానాలో ఆకు, తంబాకు తూచి ఇచ్చే చోటనే నెలకొకసారి నర్సమ్మ కూర్చొని నోళ్లు చూస్తే ఎవరి కూలీ పోదు.