విద్యుత్ కారునకు స్వదేశమేది?

పొగ క్రక్కని వాహనములను ప్రజల కలవాటు చేయుట యొక పని. వానిని మన కర్మాగారములలో, మనవారి విద్యతో నిర్మించుకొనుట వేఱొక పని. ఈ రెంటికిని గల భేదమును గుర్తింపక ఖజానా తలుపులు తెఱచినచో, నగరముల గాలి కొంత నిర్మల మగునేమో గాని, ప్రజాధనము మాత్రము విదేశీయ వర్తకుల పాలగును.

కేంద్రప్రభుత్వ మీ విషయమున చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2015లో ‘ఫేమ్’ అను పేర మొదలైన పథకము 2019లో 10,000 కోట్ల రూపాయల కేటాయింపుతో రెండవ రూపము దాల్చెను. ఆ యేడే విద్యుద్వాహనములపై జీఎస్టీ 12 శాతమునుండి 5 శాతమునకు తగ్గెను. 2021లో వాహన పరిశ్రమకు 25,938 కోట్లు, బ్యాటరీ సెల్లుల నిర్మాణమునకు 18,100 కోట్లు ఉత్పత్తి ప్రోత్సాహకములుగా మంజూరయ్యెను. 2024 నాటి ‘పీఎం ఈ-డ్రైవ్’ పథకము ద్విచక్ర, త్రిచక్ర వాహనములకును బస్సులకును చేయూతనిచ్చి, సొంతకారు కొనువానిని విడిచిపెట్టినది. అది న్యాయమే యని నా మతము. బస్సుకై నిరీక్షించువాడు కట్టిన పన్నుతో కారు కొనువానికి ఇంకను రాయితీ యేల? జీఎస్టీ రూపమున నతనికి ముట్టినది చాలును.

విద్యుత్ కారు వెలలో పెద్దభాగము బ్యాటరీది. బ్యాటరీకి ప్రాణము సెల్లు. విదేశములనుండి వచ్చిన సెల్లులను పెట్టెలో అమర్చి, మరలు బిగించి, పైని స్వదేశముద్ర వేయుట కూర్పే గాని నిర్మాణము గాదు. దేశీయ భాగముల నియమమును పాటింపక రాయితీ పొందిరని కొన్ని ద్విచక్రవాహన సంస్థలను 2023లో ప్రభుత్వమే సొమ్ము తిరిగి కట్టుమని యడుగవలసి వచ్చెను. ఇచ్చునాడే పరీక్షించియుండిన, ఈ వసూళ్ల ప్రహసనము తప్పియుండును గదా! సెల్లుల పథకమునకు 2022లో ఎంపికైన సంస్థలకు రెండేండ్ల గడువే యుండినను, పని ఆ గడువులో ముగియలేదు. ఇది రసాయనవిద్య, సునిశిత యంత్రములు, సుశిక్షితులైన పనివారు కావలసిన పరిశ్రమ. మహబూబ్‌నగర్ చెంత దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 2023లో శంకుస్థాపన చేసిన కర్మాగారము వంటివి ఫలించుటకు సాయమును, సహనమును రెండును వలయును.

మోటారు సంగతి యింకను కఠినము; దానికి అయస్కాంతములు వలయును. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన ఖనిజముల యెగుమతిని, వానితో చేసిన అయస్కాంతముల యెగుమతిని నియంత్రింపగనే అనేక దేశముల కార్ల కర్మాగారములు కలవరపడెను. అరుదైన ఖనిజములలో కొన్నిటి నిచ్చు మోనజైటు మన భీమిలి తీరపు ఇసుకలోనే కలదు. ఇసుకనుండి అయస్కాంతమువఱకు గల విద్యయే మనకు కొఱతగా నున్నది. ఆ యేటి నవంబరులో కేంద్రము అయస్కాంతముల తయారీకి 7,280 కోట్ల పథకము నామోదించినది; ఆలస్యమైనను యుక్తమైన పని.

నాకు రుచింపనిది 2024 మార్చి నాటి దిగుమతి సుంకపు సడలింపు. 4,150 కోట్లు పెట్టుబడి పెట్టుదుమని మాట యిచ్చిన సంస్థ, 35,000 డాలర్లకు తక్కువగాని ఖరీదైన కార్లను ఏటికి 8,000 వఱకు 15 శాతము సుంకముతోనే తెచ్చుకొనవచ్చునట! దేశీయ విలువ సగమునకు చేరుటకు మాత్రము ఐదేండ్ల గడువు. భోగము ముందు, బాధ్యత వెనుకనా?

ప్రోత్సాహకము పొందు ప్రతి సంస్థయు తన వాహనమున నెంత భాగము దేశములో తయారైనదో ఏటేటా బహిరంగముగా ప్రకటింపవలెనని, ప్రకటింపనివారికి పైక మాపవలెనని, పార్లమెంటులోని మన రెండు తెలుగు రాష్ట్రముల సభ్యులు పట్టుపట్టి యడుగవలెను.