పళ్లు చూసి కొనండి

మా తాతగారు ఎడ్లు కొనడానికి సంతకు వెళ్తే ముందు కొమ్ములు చూసేవారు కాదు. ఒంటి నిగనిగా చూసేవారు కాదు. నేరుగా దగ్గరికెళ్లి నోరు తెరిపించి పళ్లు చూసేవారు. ‘కొమ్ములకు రంగు ఎవడైనా వేస్తాడురా, పళ్లకు వేయలేడు’ అనేవారు. మొన్న మా అమ్మాయితో కలిసి సైకిల్ షాపుకు వెళ్లినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. గేర్ల సైకిల్ దగ్గర కూడా ముందు చూడాల్సింది పళ్లే మరి!

ఈ పేజీలో మిక్సీల గురించో ఇన్వర్టర్ల గురించో రాసే నేను హఠాత్తుగా సైకిల్ ఎక్కడానికి కారణం ఉంది. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చి ఏడాదైంది. ఆదివారం తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డు మీద సైకిళ్లు తొక్కే బృందంతో తిరుగుతోంది, అదీ స్నేహితురాలి సైకిల్ మీద. వచ్చే చలికాలం అరకు దాకా తొక్కాలన్నది వాళ్ల సంకల్పం. అందుకని తన డబ్బుతో రోడ్ బైక్ కొనుక్కుంటానంది. అదేనండీ, సన్నటి టైర్లూ, పొట్టేలు కొమ్ముల్లా కిందకు వంగిన హ్యాండిలూ ఉండే తేలికపాటి సైకిల్. రెండు సైకిళ్లు చూసి పెట్టుకుంది. రెండింటికీ ఫ్రేమ్ ఒకటే, చక్రాలు ఒకటే. తేడా అల్లా గేర్లు మార్చే పద్ధతిలోనే. ఒకదానికి తీగ, ఇంకోదానికి బ్యాటరీ. ధరలో తేడా మాత్రం లక్ష రూపాయల పైమాటే.

‘ఏది తీసుకోను నాన్నా?’ అంది.

నేను జవాబు చెప్పకుండా వరండా గోడకేసి చూశాను. అక్కడ మా తమ్ముడి సైకిల్ వేలాడుతోంది. 2011లో ‘పందేల్లో తొక్కేవాళ్లు వాడే గేర్లు’ అని ముచ్చటపడి కొన్నాడు. మూడో నెలలో అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కబోయి, సగం దారిలో మోకాలు పట్టేసి, సైకిల్‌ను లారీ మీద వేసుకుని తిరిగొచ్చాడు. ఆర్నెల్లు మెట్లెక్కడానికి అవస్థపడ్డాడు. ఆ తర్వాత మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. తన కాళ్లలో సత్తువ లేదని తీర్మానించుకున్నాడు. లోపం వాడి కాళ్లలో కాదు, పళ్లలో ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నిచ్చెన ఎత్తు... మెట్ల లెక్క

గేర్ల సైకిల్‌కు పెడల్ దగ్గర రెండు పళ్ల చక్రాలుంటాయి. వెనక చక్రానికి ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉంటాయి. ముందు చిన్నదీ, వెనక పెద్దదీ కలిస్తే తొక్కుడు తేలిక. ముందు పెద్దదీ, వెనక చిన్నదీ కలిస్తే వేగం. ఇంతే శాస్త్రం.

రోడ్ బైక్ చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు 2.1 మీటర్లు కదులుతుంది. మా తమ్ముడి సైకిల్‌లో ముందు చిన్న చక్రానికి 39 పళ్లు, వెనక పెద్దదానికి 25. అంటే అన్నిటికంటే తేలిక గేరులో కూడా పెడల్ ఒక్కసారి తిప్పితే సైకిల్ 3.28 మీటర్లు ముందుకెళ్లాలి. ఇప్పుడు చాలా సైకిళ్లకు వస్తున్నట్టు ముందు 34, వెనక 34 ఉంటే 2.1 మీటర్లు వెళ్తే చాలు. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఘాట్ ఎక్కుతున్నారనుకోండి. రెండోదాని మీద కాళ్లు నిమిషానికి 63 సార్లు తిరుగుతాయి. మొదటిదాని మీద 41 సార్లే. పని అంతా ఆ 41 తొక్కుల్లోనే జరగాలి కాబట్టి ఒక్కో తొక్కుకూ మోకాలి మీద బరువు ఒకటిన్నర రెట్లు పడుతుంది. పందెగాళ్ల కాళ్లు దాన్ని తట్టుకుంటాయి. రోజంతా బ్యాంకులో కూర్చునే మా తమ్ముడి కాళ్లు తట్టుకోలేదు.

షాపులో ‘ఇది 16 గేర్లు, అది 24 గేర్లు’ అని చెబుతారు. కంగారు పడకండి. నిచ్చెన ఎత్తు వేరు, మెట్ల సంఖ్య వేరు. వెనక 11 నుంచి 34 పళ్ల దాకా ఎనిమిది చక్రాలున్నా పన్నెండున్నా నిచ్చెన ఎత్తు ఒకటే. ఎనిమిదైతే మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎడం ఎక్కువ. పన్నెండైతే దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి కాలి లయ చెదరదు. సుఖంలో తేడాయే తప్ప ఎక్కగలిగే కొండలో తేడా ఉండదు. అందుకే మొదటి ప్రశ్న ‘ఎన్ని గేర్లు?’ అని కాదు. ‘ముందు చిన్నదానికి ఎన్ని పళ్లు, వెనక పెద్దదానికి ఎన్ని పళ్లు?’ అని అడగాలి. రెండూ సమానంగా ఉంటే కొండలున్న ఊరివాళ్లు నిశ్చింతగా కొనొచ్చు.

వయొలిన్ నుంచి వీణకు

గేర్లు ఇంత సులువుగా మారడం వెనక పెద్ద కథే ఉంది. ఒకప్పుడు టూర్ డి ఫ్రాన్స్ పందెంలో కొండ వచ్చిందంటే ఆటగాళ్లు దిగి, వెనక చక్రం విప్పి, అటుదిటు తిప్పి బిగించుకునేవారు. చక్రానికి ఒకవైపు ఒక గేరు, రెండోవైపు ఇంకో గేరు ఉండేవి. చైన్‌ను ఒక చక్రం మీంచి మరోదాని మీదకు నెట్టే డీరెయిలర్‌ను ఆ పందెంలో అందరికీ అనుమతించింది 1937లోనే.

తర్వాత చాలాకాలం గేరు మార్చే మీట ఫ్రేమ్ కింది గొట్టం మీద ఉండేది. హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి, వంగి, చప్పుడు వింటూ సరైన చోట ఆపాలి. మెట్లు లేని వయొలిన్ మీద స్వరం వెతుక్కున్నట్టు! 1984లో జపాన్ కంపెనీ షిమానో, మీట కదిలినప్పుడల్లా ‘టిక్’మని ఒక్కో గేరు దగ్గర ఆగే పద్ధతిని తన డ్యురా-ఏస్ సెట్‌లో తెచ్చింది. వీణకు మెట్లు బిగించినట్టన్నమాట. 1990లో ఆ మీటను బ్రేక్ లివర్‌లోనే కలిపేసింది. హ్యాండిల్ మీంచి చెయ్యి తీయాల్సిన పని తప్పింది. 2009లో తీగ బదులు చిన్న మోటారు పెట్టి విద్యుత్తుతో నడిపించింది.

మూడు కంపెనీలు, మూడు అలవాట్లు

మన షాపుల్లో ఎక్కువగా కనిపించేది షిమానోయే. 1921లో సకాయ్ పట్టణంలో ఫ్రీవీళ్ల తయారీతో మొదలైన సంస్థ. తీగ రకంలో బ్రేక్ లివర్‌ను పక్కకు నెడితే ఒకవైపు, దాని వెనకున్న చిన్న మీటను నెడితే రెండోవైపు గేరు మారుతుంది. క్లారిస్‌కు వెనక ఎనిమిది, సోరాకు తొమ్మిది, టియాగ్రాకు పది, కొత్త 105కు పన్నెండు చక్రాలు. ఆ పైనున్న అల్టెగ్రా, డ్యురా-ఏస్‌లలో 2021 నుంచి వచ్చిన పన్నెండు చక్రాల సెట్లు బ్యాటరీతోనే నడుస్తాయి. కింది మెట్ల కోసం క్యూస్ అనే కొత్త కుటుంబాన్ని 2023లో మొదలుపెట్టి, 2025లో వంపు హ్యాండిల్ సైకిళ్లకూ ఇచ్చింది. పాతవీ కొత్తవీ పక్కపక్కనే కనిపించొచ్చు. ఒకదాని భాగం ఇంకోదానికి నప్పుతుందనుకుని కొనకండి.

1987లో షికాగోలో పుట్టిన శ్రామ్ సంస్థ తీగ రకానిది ఒకటే మీట. కొంచెం నెడితే ఒకవైపు, గట్టిగా నెడితే ఇంకోవైపు. ఇప్పుడు దాని దృష్టంతా తీగలు లేని బ్యాటరీ రకం మీదే. కుడిచేతి మీట నొక్కితే వేగం, ఎడమచేతిది నొక్కితే తేలిక, రెండూ కలిపి నొక్కితే ముందు చక్రం మారుతుంది. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే ఏర్పాటు. ఇటలీవారి కాంపాగ్నోలో 1933 నాటిది. తీగ రకంలో ఒకవైపు గేరును బొటనవేలితో మార్చాలి. ప్రేమించేవాళ్లు ప్రాణం పెడతారు కానీ, విడిభాగం కావాలంటే మన దగ్గర దొరకడం కష్టం.

వీటిలో ఏది గొప్పదంటే, మీ చేతికి నప్పేదే. షాపులో సైకిల్ ఎక్కి కూర్చుని, వేళ్లు బ్రేక్‌కు అందుతున్నాయో లేదో చూసుకోండి. చేతులు చిన్నవైతే లివర్ దగ్గరకు జరిపే మర ఉంటుంది. జరిపి చూపించమని అడగండి.

తీగా? బ్యాటరీయా?

ఇక అసలు సంగతి. బ్యాటరీ రకం హాయి నిజంగా హాయే. కంప్యూటర్ మౌస్ నొక్కినట్టు నొక్కితే చాలు. ఏటవాలులో కూడా ముందు చక్రం తడబడకుండా మారుతుంది. తీగ సాగడం, తుప్పు పట్టడం ఉండవు. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయేవాళ్లకు అది విలాసం కాదు, వరం. అలాంటివాళ్లు లక్ష ఎక్కువైనా ఆలోచించనక్కర్లేదు.

కానీ చార్జింగ్ మరిచిపోకూడదు. షిమానో కొత్త రకం ఒక చార్జితో సుమారు వెయ్యి కిలోమీటర్లు, శ్రామ్ అరవై గంటలు నడుస్తాయి. అయిపోవచ్చినప్పుడు షిమానోలో ముందు చక్రం మారడం మొదట ఆగిపోతుంది. అది హెచ్చరిక. శ్రామ్‌లో ముందున్న బ్యాటరీ తీసి వెనక పెట్టుకుని ఇల్లు చేరొచ్చు. మోటారు పాడైతే మాత్రం రోడ్డు పక్కన చేయగలిగింది ఏమీ లేదు.

తీగ రకానికి శత్రువు సముద్రపు గాలి. మా ఊళ్లో ఏడాది తిరిగేసరికి గొట్టంలో తీగ తుప్పు పట్టి మీట బరువెక్కుతుంది. చాలామంది ‘గేర్లు పాడయ్యాయి’ అనుకునేది దీన్నే. తీగా గొట్టమూ మార్పిస్తే మళ్లీ కొత్తదే. ఖర్చు వందల్లోనే.

మేస్త్రి అడిగిన ప్రశ్న

ఎటూ తేలక, ఎప్పుడూ సైకిల్ బాగుచేసే మేస్త్రి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన అమ్మాయిని ఒకటే అడిగాడు. ‘శృంగవరపుకోట దాటి ఘాట్‌లో ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తారమ్మా?’

అది తెల్లబోయింది. ‘మీకే’ అంది కాసేపాగి.

‘అయితే నాకు తెలిసిందే కొనండి. తీగైతే ఫోన్‌లోనే చెప్తా, మీరే బిగించుకోవచ్చు.’

ఇంకో మాట కూడా చెప్పాడు. డీరెయిలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క ఒకటుంటుంది. దాన్ని హ్యాంగర్ అంటారు. సైకిల్ కుడివైపు పడితే వంగేదీ విరిగేదీ అదే. అది వంగితే తీగైనా బ్యాటరీ అయినా గేర్లు సరిగ్గా పడవు. ఏ మోడల్‌కు ఆ మోడల్‌దే సరిపోతుంది. అందుకని సైకిల్‌తోపాటే ఒకటి అదనంగా కొని సంచిలో వేసుకోవాలి.

చివరకు అమ్మాయి తీగ రకం 105 తీసుకుంది. ముందు 34, వెనక 34. మిగిలిన డబ్బులో హెల్మెట్, లైట్లు, అదనపు హ్యాంగర్ కొని, మిగతాది బ్యాంకులో వేసింది.

మేస్త్రి షాపు నుంచి వస్తూ మా తమ్ముడి సైకిల్ సంగతీ కదిపాను. ఆయన వచ్చి చూసి, పళ్లు లెక్కపెట్టి, నవ్వాడు. ముందు క్రాంకు మొత్తం మార్చి 34 పళ్లది, వెనక 28 పళ్లది వేశాడు. అంతకు మించి దాని పాత డీరెయిలర్‌కు పట్టదట. తేలిక గేరు 3.28 మీటర్ల నుంచి 2.55 మీటర్లకు దిగింది.

పోయిన ఆదివారం బాబాయినీ వెంటేసుకుని మా అమ్మాయి కైలాసగిరి ఎక్కింది. మధ్యలో రెండుసార్లు ఆగారట. కిందకు వచ్చాక వాడు మోకాలు తడుముకుని చూసుకున్నాడు. ‘ఇన్నేళ్లూ నాదే తప్పనుకున్నాను అన్నయ్యా’ అన్నాడు.

గోడకున్న మేకు ఇప్పుడు ఖాళీగా ఉంది. గొడుగు తగిలించుకుంటున్నాం.