పట్టూ విడుపూ

కావలివాడికి గోల్ఫు గొడవ యెందుకని మీరడగవచ్చు. మా వూళ్ళో గోల్ఫు కర్ర పట్టినవాణ్ణి నేను చూడలేదు గాని, గొడ్డలి పట్టినవాళ్ళనూ, క్రికెట్ బ్యాటు పట్టిన కుర్రాళ్ళనూ రోజూ చూస్తున్నాను. పట్టు దగ్గర అందరిదీ ఒకటే పేచీ.

కొత్తవాడు కర్రను పీక నులిమినట్టు పట్టుకుంటాడు. అలా పడితేనే బంతి దూరం పోతుందని వాడి నమ్మకం. పిడికిలి బిగిస్తే ముంజెయ్యి బిగుస్తుంది. ముంజెయ్యి బిగిస్తే మణికట్టు ఆడదు. మణికట్టు ఆడకపోతే కర్ర కొసకు వేగం యెక్కణ్ణించి వస్తుంది?

గోల్ఫు కర్రను అరచేతి నడుమ కాక వేళ్ళ మొదళ్ళ మీదుగా పట్టాలి. కుడిచేతి వాటంవాడికి యెడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. కుడి చిటికెనవేలు యెడమ చూపుడువేలి మీద ఆనుతుంది. ఈ పట్టుకు హ్యారీ వార్డన్ పేరే నిలిచిపోయింది. 1896కీ 1914కీ మధ్య బ్రిటిష్ ఓపెన్‌ను ఆరుసార్లు గెలిచిన ఘనుడాయన.

ఇక మణికట్టు. కర్ర పైకెత్తినప్పుడు యెడమ మణికట్టు వెనక్కు విరిగితే కర్ర ముఖం పక్కకు తిరిగి, బంతి కుడివైపుకు పోతుంది. గడియారం పట్టీ కింద, చేతివీపు మీదుగా ఒక చెక్క స్కేలు దూర్చి కర్ర యెత్తి చూడండి. మణికట్టు విరిగితే స్కేలు పొడిచి చెబుతుంది!

పట్టు మార్చడం చిన్న పని కాదు. మన హైదరాబాదు అజారుద్దీన్ తొలి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టినవాడు. 1989 నాటికి జట్టులో చోటే అనుమానమైంది. ఆ యేడాది పాకిస్తాను వెళ్ళినప్పుడు, ఆ దేశపు మాజీ ఆటగాడు జహీర్ అబ్బాస్ అతని ఆట చూసి, బ్యాటు మీద పట్టు కాస్త మార్చమన్నాడు. అజారుద్దీన్ మార్చాడు. ఫైసలాబాదు టెస్టులో సెంచరీ చేశాడు. ఆ బాకీ వూరికే పోలేదు. 2016లో ఇంగ్లండులో తడబడుతున్న పాకిస్తానీ యూనిస్ ఖాన్‌కు అజారుద్దీనే ఫోను చేసి సలహా చెప్పాడు. ఓవల్ మైదానంలో యూనిస్ 218 కొట్టాడు.

అబ్బాయిలూ! కొత్త పట్టు మొదట్లో తప్పుగానే తోస్తుంది. పాత తప్పు చేతికి అంత చుట్టమైపోయి వుంటుంది. నాలుగు బంతులు పక్కకు పోగానే పాత పట్టుకు పారిపోకండి. ఒక పక్షం రోజులు బంతి లేకుండా వూపండి. బంతి సంగతి ఆ తర్వాత చూసుకుందాం.