భయపడే బిడ్డ నిజం చెప్పదు

క్రిందటి వేసవిలో పదమూడేళ్ల బాలికను తల్లిదండ్రులు నా వద్దకు తీసుకువచ్చారు. ఐదేళ్లుగా ఆమెకు మధుమేహం. పుస్తకంలో రాసిన చక్కెర అంకెలన్నీ చక్కగా ఉన్నాయి. పిల్ల మాత్రం చిక్కిపోతోంది. “ఇవి చూసి రాసినవా అమ్మా, ఊహించి రాసినవా?” అని మెల్లగా అడిగాను. కంట నీరు పెట్టుకుంది. “ఎక్కువ వస్తే నాన్న కోప్పడతారు తాతగారూ. బడిలో అందరూ చూస్తారని మధ్యాహ్నం సూది మానేస్తున్నాను” అన్నది.

వారు కోరి వచ్చినది ఇన్సులిన్ మాన్పించే మూలిక. అటువంటిది లేదని చెప్పడం నా ధర్మం. పిల్లలకు ఎక్కువగా వచ్చే మొదటి రకం మధుమేహంలో శరీర రక్షణశక్తే క్లోమంలోని ఇన్సులిన్ కణాలను నశింపజేస్తుంది. అది మిఠాయిల వల్ల వచ్చినదీ కాదు, కాకరతో, పొడపత్రితో పోయేదీ కాదు. 1922లో టొరాంటోలో 14 ఏళ్ల బాలునికి తొలిసారిగా ఇచ్చిన నాటి నుండి ఈ బిడ్డలకు ఇన్సులినే ప్రాణాధారం.

రోగికి నాలుగు గుణాలుండాలన్నాడు చరకుడు: జ్ఞాపకం, వైద్యుని ఆదేశం పాటించడం, నిర్భయత్వం, బాధను ఉన్నదున్నట్లు తెలపడం. మన పెద్దలు రెండవదానినే పట్టుకుంటారు. మూడవది లేనిదే నాలుగవది రాదని నా అభిప్రాయం.

చక్కెర అంకె పరీక్ష మార్కు కాదు. యౌవనారంభంలో శరీరంలోని మార్పుల వల్లనే అది పెరగవచ్చు. కనుక “ఏం తిన్నావు?” అని గద్దించక “ఇప్పుడేం చేద్దాం?” అని అడగండి. సూది వేళకు పక్కన కూర్చోండి. ఇంటిల్లిపాదీ ఒకే పథ్యం తినండి. పెళ్లికి అడ్డమని ఆడపిల్ల జబ్బును దాచకండి. చక్కెర 70 కన్నా తగ్గి చెమటలు, వణుకు వస్తే వెంటనే గ్లూకోజ్ ఇవ్వాలని ఉపాధ్యాయులకు తెలిసి ఉండాలి. వాంతులు, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. దిగులు వీడకపోతే మనోవైద్యుని సంప్రదించడానికి సంకోచం వలదు.

ఆ రోజే వారిని పిల్లల మధుమేహ వైద్యుని వద్దకు పంపాను. ఒక నెలపాటు అంకె చూసి ఒక్క మాట కూడా అనవద్దని తండ్రికి చెప్పాను. నెల తిరిగాక పుస్తకం తెచ్చారు. అందులో 280, 310 ఉన్నాయి. తండ్రి తలవంచుకున్నాడు. నేను మాత్రం సంతోషించాను. అవి నిజమైన అంకెలు. వాటిని చూసే ఆ వైద్యుడు మోతాదు సరిచేయగలిగాడు.