పంపే సంఘం కావాలి

జెబెదయి కుమారుల తల్లి ప్రభువు దగ్గరకు వచ్చి, ఆయన రాజ్యంలో తన ఇద్దరు పిల్లలకూ కుడి ఎడమల చోటు ఇమ్మని అడిగింది (మత్తయి 20వ అధ్యాయం). ఆ తల్లిని తప్పుపట్టడం తేలికే. ఆదివారం ఆరాధన ముగిశాక మనం చేయించుకునే ప్రార్థనలు ఏమిటి? వీసా రావాలి, పెద్ద జీతం రావాలి. మా అబ్బాయి రెండేళ్లు పేదపిల్లలకు పాఠాలు చెప్పబోతున్నాడు, ప్రార్థించండి అని పాస్టర్లమైన మమ్మల్ని అడిగేవారు అరుదు.

అలాంటి అవకాశాలు ఇప్పుడున్నాయి. టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్‌లో చేరినవారు రెండేళ్లు పేదపిల్లల బడుల్లో బోధిస్తారు. హైదరాబాద్‌లోనూ ఆ పని ఉంది. 2011లో మొదలైన ఎస్‌.బి.ఐ. యూత్ ఫర్ ఇండియా పట్టభద్రులను 13 నెలలు పల్లెల్లో పనిచేయిస్తుంది. చేతికొచ్చేది నెలవారీ భత్యం. అక్క పెళ్లి అప్పు ఇంకా తీరని ఇంటికి అది ఏ మూలకు? మన యవ్వనస్తులు వెనుకాడేది సేవాభావం లేక కాదు, వెనుక నిలబడేవారు లేక.

తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వి.ఎస్‌. అజరయ్య వై.ఎం.సి.ఎ. కార్యదర్శి పదవి వదిలి 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఇది చాలామందికి తెలిసిందే. ఆయనను పంపినవారి గురించి మాత్రం తక్కువ చెప్పుకుంటాం. 1903లో తిరునెల్వేలి విశ్వాసులు స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ ఆయనను పంపింది. విదేశీ డబ్బు కాదు, అక్కడి సంఘాల కానుకలే దానికి ఆధారం. తాము ఎన్నడూ చూడని తెలుగు పల్లెల కోసం వారిచ్చారు.

మన దగ్గర యువ నాయకత్వమంటే ఏటా ఒక రిట్రీట్, చేతికొక మైకు. అంతకు మించి అడిగితే, బడిలో లెక్కలు చెబితే సంఘానికేం లాభమని కొందరు పెద్దలంటారు. అక్కడ ప్రసంగించకూడదు, నిజమే. లెక్కలే చెప్పాలి, బాగా చెప్పాలి. పదిమంది కుష్ఠరోగుల్లో తిరిగొచ్చింది ఒక్కడే. మిగతా తొమ్మిదిమంది స్వస్థతను ప్రభువు వెనక్కి తీసుకోలేదు కదా!

వచ్చే ఏటి బడ్జెట్‌లో ప్రతి పాస్టరేట్ కమిటీ ఒక పద్దు చేర్చాలి: ఫెలోషిప్‌కు ఎంపికైన ఒక్కరి ఇంటి ఖర్చులో లోటు, ఆ గడువు తీరేదాకా. ఎంపికైంది ఆడపిల్ల అయితే, ఆమె వెళ్లే ఊరి సంఘానికి ముందుగా ఉత్తరం రాసి, ఒక విశ్వాసి ఇంట్లో గది చూసిపెట్టాలి.